అలుగు మీద ఈల

ఆగస్టు 27, 1942. గురువారం

షామీర్‌పేట చెరువు నీరటి సిద్దిరాములును ఇవాళ తెల్లవారుజామున పట్టుకున్నారు. చెరువు నిండింది, అలుగు పోస్తోంది. ఈ కాలంలో చెరువు నీళ్ళు చూసే నీరటి అనేవాడు కోడి కూయక ముందే కట్ట మీద ఉండాలి. ఉండకపోతే ఊరు తిడుతుంది. ఉన్నందుకు పోలీసు చౌకీ వాళ్ళు పట్టుకున్నారు.

నేరం: ఈల వేయడం.

సోమవారం కరీంనగర్ సడకు వెంట తంతి తీగలు కోశారు. మూడు స్తంభాల మేర. దేశమంతా కోస్తున్నారు, ఇక్కడా కోశారు. కోసేవాళ్ళకు కాపలా ఉండి, ఎవరైనా వస్తే ఈలతో సైగ చేసే మనిషి ఒకడున్నాడని చౌకీ వాళ్ళ నమ్మకం. అలుగు దగ్గర తెల్లవారుజామున ఈల వినబడుతున్న మాట నిజమే. పదిమంది విన్నారు. ఆ చోట దొరికినవాడు సిద్దిరాములు. రుజువైతే ఏళ్ళ తరబడి జైలు.

అతని భార్య సుక్కమ్మ నా గది వెతుక్కుంటూ మేడ్చల్ దాకా నడిచి వచ్చింది.

"నువ్వు పేపర్ల రాసినవంట గద పంతులూ. ఇగ మల్ల రాయి, మా ఆయన గాదని."

పత్రికలో రాసినంత మాత్రాన వదలరని చెప్పాను.

"మరి రాస్తె పట్టుకున్రు గద," అంది.

ఆగస్టు 28

సుక్కమ్మ మాట ఇక్కడే తేల్చుకోవాలి. నేను పంపిన వార్త రెండు వాక్యాలు. షామీర్‌పేట అలుగు దగ్గర రోజూ తెల్లవారుజామున ఏదో ఈల వేస్తోందని ఒకటి. జనం అటు వెళ్ళడానికి జంకుతున్నారని రెండోది. అచ్చులో వచ్చింది వేరు: "ఎవరో ఈల వేస్తున్నారు." ఆఫీసులో 'ఏదో'ను 'ఎవరో' చేశారు. అక్షరాలు దిద్దుకోవడం చేతకానివాళ్ళు వార్తలు దిద్దుతారు. సంపాదకుడికి కటువుగా ఉత్తరం రాశాను.

నేను 'ఏదో' అనే రాశాను. బాగా గుర్తుంది.

సెప్టెంబరు 2

సైకిలు మీద రాత్రే షామీర్‌పేట చేరి, ధర్మశాలలో పడుకుని, నాలుగున్నరకు అలుగు దగ్గర కూర్చున్నాను. తుంపర. గొడుగు విరిగింది. ఐదు దాటి పది నిమిషాలకు ఈల మొదలైంది. నిమిషమున్నర, విరామం, మళ్ళీ నిమిషం. మనిషి ఈలే. పని లేనివాడు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ, పాట గుర్తు రాక అటూ ఇటూ తడుముకుంటున్నట్టు ఉంది. పైకి ఎక్కుతుంది, దిగుతుంది, ఎక్కడా చేరదు.

లేచి వెతికాను. మనిషి లేడు.

సిద్దిరాములు చౌకీలో ఉన్నాడు. ఈల ఇక్కడ ఉంది. ఇంతకంటే ఏం కావాలి? మధ్యాహ్నానికల్లా వదులుతారు.

సెప్టెంబరు 2, సాయంత్రం

వదల్లేదు. చౌకీ జమేదార్ కుతుబుద్దీన్ నా మాట పూర్తిగా విన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. విని, "అంటే ఇంకొకడు గుడ ఉన్నడంటవు," అన్నాడు.

సెప్టెంబరు 4

చూశాను. పిట్ట.

ఉన్నది ఉన్నట్టు: గోరింక కంటే పెద్దది. దూరానికి కాకి నలుపు. వెలుతురు పడితే రెక్కల మీద, రొమ్ము మీద ముదురు నీలం. నుదుటి మీద, భుజాల మీద మెరిసే నీలం పట్టీలు. ముక్కు, కాళ్ళు నలుపు. అలుగు కింద నీళ్ళు విరిగిపడే చోట ఒకే బండ మీద కూర్చుంటుంది. మిగతా పిట్టలు లేవక ముందే మొదలుపెడుతుంది. ఎండ్రకాయను కాలు పట్టి లాక్కొచ్చి, బండకేసి కొట్టి తింది. తోక విసనకర్రలా విప్పి మూస్తుంది. మనిషి ఇరవై అడుగుల్లోకి వస్తే సన్నగా ఒక్క కేక వేసి పొదల్లోకి పోతుంది.

ఇరవై ఏడేళ్ళుగా ఈ విలేకరి పనిలో ఉన్నాను. కళ్ళతో చూసినదాన్ని రుజువు చేయడానికి ఇంత అవస్థ ఎప్పుడూ పడలేదు.

సెప్టెంబరు 7

దాని పేరేమిటో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకునేవాడూ లేడు. ఒకడు జెముడుకాకి అన్నాడు. ఒకడు పాలపిట్ట అన్నాడు, పాలపిట్ట రోజూ వాడి పెరట్లో వాలుతుంది. మేకల ఇస్తారి అయితే అది పిట్టే కాదని, కట్ట కట్టేనాడు చనిపోయిన ఒడ్డెరవాడని చెప్పాడు.

"చూసినవా?" అన్నాను.

"చూస్తే బతుకుతమా అయ్యా?"

సెప్టెంబరు 9

చౌకీలో నోటి మాట కంటే కాగితమే పెద్ద. జమేదార్ ఇవాళ చిక్కు విప్పి చెప్పాడు. అతను పంచనామాలో ఉర్దూలో 'సీటీ' అని రాశాడు. ముల్జిమ్, అంటే ముద్దాయి, సీటీ కొడుతుండగా దొరికాడు అని. ఆ మాటకు నోటి ఈల అనే అర్థమూ ఉంది, ఊదే ఈల అనే అర్థమూ ఉంది. కాగితం పట్నం పోయింది. పై అధికారి అడిగాడు: సీటీ ఏది? జప్తు ఎందుకు చేయలేదు?

"నోటి సీటీ అని మల్ల రాయండి," అన్నాను.

"రాసిన. మొదట తప్పు రాసినవా, ఇప్పుడు తప్పు రాస్తున్నవా అని అడిగిన్రు. ఇగ ఇద్దరిని పంపిన్రు పట్నం నుంచి, సీటీ దొరకవట్టనీకి." పాన్ నమిలాడు. "పరేషాన్ జేయకు పంతులూ. నేనే పరేషాన్ల ఉన్న."

సిద్దిరాములును చూస్తానన్నాను. హుకుం లేదన్నాడు.

సెప్టెంబరు 12

జమేదార్‌ను అలుగు దగ్గరికి తీసుకురావడానికి మూడు రోజులు పట్టింది. ఒక్కడే రమ్మన్నాను. నలుగురితో వచ్చాడు. వాళ్ళ బూట్ల చప్పుడు. అయినా ఐదుంబావుకు పిట్ట పాపం పాడింది. నేను బండ వైపు వేలు చూపించాను. జమేదార్ ఎదుటి గట్టు వైపు చూపించాడు. ఇద్దరు జవాన్లు నీళ్ళలో పడి ఉరికారు. పది నిమిషాల్లో ఇస్తారిని రెక్క పట్టి తెచ్చారు, వెనకే అతని మేకలు.

"నేనేం జేసిన సర్కార్?"

"సీటీ ఎవరు కొట్టిన్రు?"

"నేను జెప్పలేద? ఒడ్డెరోడు."

సాయంత్రానికి వదిలారు. మేక ఒకటి కనబడలేదని ఇస్తారి నన్ను తిడుతున్నాడట. చౌకీ వాళ్ళను తిట్టలేడు కదా.

సెప్టెంబరు 13

సైకిలు పంచరు. జ్వరం.

సెప్టెంబరు 30

ట్రంకులో వేరే కాగితం వెతుకుతుంటే ఆగస్టు వార్త చిత్తుప్రతి దొరికింది. నా చేతిరాత. 'ఎవరో'.

అక్టోబరు 8

అల్వాల్ పోయాను, పొద్దుటి రైలుకు. దండు బజారులో పిట్టలమ్మే షుకూర్ అనే ముసలాయన ఉన్నాడని స్టేషన్లో చెప్పారు. నెల క్రితమే చెప్పి ఉండొచ్చు. నెల క్రితం నేను అడగలేదు.

పంజరాల మధ్య కూర్చుని ఉన్నాడు. నేను రాసుకున్నది చదివాను. సగంలోనే చెయ్యెత్తాడు.

"నుదుటి మీద నీలం?"

"అవును."

"ఎండ్రకాయను రాతికి గొట్టి తింటది?"

"అవును."

"నీళ్ళు చప్పుడు జేసే జాగ దప్ప ఇంకో జాగల ఉండదు?" అని, మూతి ముడిచి ఈల వేశాడు. అదే. ఎక్కి, దిగి, ఎక్కడా చేరకుండా.

"కస్తూరా, సాబ్. పహాడీ పిట్ట. కొండలల్ల, అడవిల, వాగు పక్కపొంటి ఉంటది. ఎండ పొడ గిట్టదు."

"ఇక్కడ కొండేది, అడివేది? ఎట్లా వచ్చింది?"

"దారి తప్పిందో, పంజరం తప్పిందో. నేను ముగ్గురు నవాబులకు అమ్మిన. పిట్టలు నాతోని జెప్పి పోతయా?"

రేపే వచ్చి వాంగ్మూలం ఇవ్వమన్నాను. కూతురు హజీరా పెళ్ళి ఉందట, రెండు వారాలు కదలలేడట. పెళ్ళయ్యాక తప్పకుండా వస్తాడట. వలేసి పట్టి పంజరంలో పెట్టి మున్సిఫ్ గారి ముందరే ఉంచుతాడట.

"అప్పటిదాక అది ఆగుతదా?"

"వానలు ఆగెదాక ఆగుతది," అన్నాడు. అర్థం చేసుకోవలసింది. చేసుకోలేదు.

అక్టోబరు 14

సుక్కమ్మ ఒక పని చేసింది.

చౌకీ దగ్గరికి బువ్వ తీసుకుపోయిన ప్రతిసారీ సుక్కమ్మకు పట్నం మనుషులు చెబుతున్న మాట ఒకటే: సీటీ ఇయ్యి, నీ మొగన్ని ఇడుస్తం. ఐదు వారాలు విన్నది. మొన్న లష్కర్ బజారుకు నడిచిపోయి, కవాతు పిల్లలు మెడలో వేసుకునే లాంటి ఇనుప ఈల ఒకటి కొని, తెచ్చి, వాళ్ళ చేతిలో పెట్టింది. మా ఆయనదే అని చెప్పి, వేలిముద్ర కూడా వేసింది.

ఇప్పటిదాకా కేసులో ఏమీ లేదు. ఇప్పుడు వస్తువు ఉంది, సాక్షి ఉంది. సాక్షి భార్య.

ఇదంతా చెప్పడానికి ఆమె నా గదికి వస్తే గట్టిగా అరిచాను. పక్క గదిలోని కమలాబాయి తలుపు తీసి చూసింది.

సుక్కమ్మ అరవలేదు. "నువ్వు పిట్ట కోసం తిరుగుతున్నవ్. నేను సీటీ తెచ్చిన. ఎవల పని జల్దీ అయితదో సూద్దాం," అంది.

అక్టోబరు 15

ఆమె తప్పు కాదు. వాళ్ళు అడిగింది తెచ్చింది. అబద్ధం ఆడించినవాళ్ళ పేర్లు కాగితం మీద ఎక్కడా లేవు, ఆమె వేలిముద్ర ఉంది.

అక్టోబరు 26

షుకూర్ వచ్చాడు, వల, పంజరం, మిడతల డబ్బాతో సహా. తెల్లవారక ముందే అలుగు దగ్గర కూర్చున్నాం. నిశ్శబ్దం. అలుగు నాలుగు రోజుల క్రితమే ఆగింది. బండ పొడిగా ఉంది. ఎండ్రకాయల పెంకులున్నాయి, తెల్లబడి.

"చెప్పిన గద సాబ్. నీళ్ళు ఆగినంక అదెందుకుంటది?"

"ఎక్కడికి పోతది?"

"నీళ్ళకాడికి."

"మళ్ళ ఎప్పుడొస్తది?"

"వస్తె వానలల్ల వస్తది. రాకుంటె రాదు. ఉన్నా చలికాలం గొంతిప్పదు."

పెళ్ళి భోజనం బాగుందని, నేను రానందుకు బాధగా ఉందని కూడా చెప్పాడు.

నవంబరు 9

పేషీ వాయిదా.

నవంబరు 23

పేషీ వాయిదా. షుకూర్‌కు రెండోసారి రైలు చార్జీ దండగ. సుక్కమ్మ మున్సిఫ్ కచేరీ అరుగు మీద పొద్దంతా కూర్చుని వెళ్ళింది. నాతో మాట్లాడలేదు.

డిసెంబరు 10

మున్సిఫ్ గారు ఇవాళ నా అర్జీ తీశారు. ఈల వేసినది 'కస్తూరా' అనే పిట్ట అని తెలుగులో వివరంగా రాశాను. గుమాస్తా ఉర్దూలోకి కుదించి రాశాడు. అతనికి తెలిసిన కస్తూరా కస్తూరి మృగం. పిట్ట అన్న మాట నా పొరపాటనుకుని తీసేశాడు.

మున్సిఫ్ గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఈ జింక రోజూ వచ్చి ఈల వేసేదా?"

కచేరీ నవ్వింది. జింక కాదు, పిట్ట అన్నాను. పిట్టను హాజరు పరచమన్నారు. వెళ్ళిపోయిందన్నాను. ఎప్పుడు వస్తుందన్నారు. వానాకాలం అన్నాను. ముల్జిమ్ అప్పటిదాకా లోపల ఉండవచ్చా అని అడిగారు. వెటకారం కాదు. నిజంగానే అడిగారు.

వారానికి వాయిదా. ఆ రోజు ముల్జిమ్‌ను కూడా తెస్తారు.

డిసెంబరు 17. గురువారం

తేలింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూడున్నర నెలల తర్వాత సిద్దిరాములును ఇవాళే చూశాను. చిక్కిపోయాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, పది అడుగుల దూరంలో కటకటాల దగ్గర నిలబడ్డాడు.

జమేదార్ కుతుబుద్దీన్ సాక్ష్యం. మున్సిఫ్ గారు ఇనుప ఈలను ఊదమన్నారు. బంట్రోతు ఊదాడు. బయట నిద్రపోతున్న రైల్వే కూలీ ఒకడు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

"నువ్వు విన్నది ఇదేనా?"

జమేదార్ ఆ ఈలను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "కాదు హుజూర్."

"ఎలా చెప్పగలవు?"

"గిది ఒక్కతీరుగ మోగుతది. నేను విన్నది ఎక్కుతది, దిగుతది. పనిలేనోడు నడుస్త నోటితోని గొట్టినట్టు."

షుకూర్‌ను పిలిచారు. అలాగే పాడే పిట్ట ఉందని, తాను అమ్మానని చెప్పి, వేసి చూపించాడు. జమేదార్ తల ఊపాడు, గదే అని.

"అయితే మనిషి కూడా వేయగలడన్నమాట," అన్నారు మున్సిఫ్ గారు.

అప్పుడు జమేదార్ అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా: "ముల్జిమ్‌ను గుడ కొట్టమనండి హుజూర్."

సిద్దిరాములు తువ్వాలు తీశాడు. మూతి ముడిచాడు. ఊదాడు. గాలి వచ్చింది. మళ్ళీ ఊదాడు. గాలే. పై పళ్ళు నాలుగు లేవు. కచేరీ మళ్ళీ నవ్వింది. మున్సిఫ్ గారు నవ్వకుండా రాసుకున్నారు: ముల్జిమ్‌కు ఈల వేసే శక్తి లేదు. విడుదల.

పిట్ట పొడవు రాసుకున్నాను. అది లేచే వేళ రాసుకున్నాను. తిన్న ఎండ్రకాయలు లెక్కపెట్టాను. సిద్దిరాములుకు ఈల వేయడం వచ్చా అని నూటపన్నెండు రోజుల్లో ఒక్కరినీ అడగలేదు.

డిసెంబరు 18

నిన్న రాయనిది.

కచేరీ గోడ నీడన సుక్కమ్మ మూట విప్పింది. జొన్నరొట్టె. సిద్దిరాములు దాన్ని కొరకలేదు. నీళ్ళలో నానబెట్టి చప్పరించాడు. పక్కన కూర్చున్నాక కనబడింది, పై పెదవి చీలి అతుక్కున్న గీత. ఇంకా ఎర్రగానే ఉంది.

"పళ్ళెప్పుడు పోయినై?" అన్నాను.

అతను సుక్కమ్మ వైపు చూశాడు. సుక్కమ్మ నా వైపు చూసింది.

"సీటీ ఏదని అడిగిన్రు పట్నపోళ్ళు," అన్నాడు చివరికి. "లేని సీటీ యాడికెల్లి తెద్దు?"

ఏదో ఒకటి అనాలి కాబట్టి, మొత్తానికి పిట్టేనని తేలింది కదా అన్నాను.

"పిట్టనే. గని నేను గుడ కొట్టిన పంతులూ."

సుక్కమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నాకు చిన్నప్పటికెల్లి మస్తు వచ్చు. అది కొట్టి ఆపుతది. నేను కొడుదు. మల్ల అది. ముందుగాల్ల జవాబియ్యకపోయేది. గా పొద్దు మూడుసార్లు ఇచ్చింది. నేను నాలుగోసారి కొడుతుంటె వచ్చి పట్టుకున్రు."

"నోరు మూసుకో," అంది సుక్కమ్మ, చుట్టూ చూసి.

"ఇగ మూసుకునుడే గద."

జమేదార్ అటుగా పోతూ ఆగాడు. పళ్ళ సంగతి మీకు తెలిసే ఈల పరీక్ష అడిగారా అన్నాను. తెలిసే అడిగాడు, అది అతని ముఖంలో ఉంది. "నాకేం తెల్వదు," అన్నాడు. "కేసు అయిపోయింది. ఇంటికి పో పంతులూ, ఆళ్ళను గుడ పోనియ్యి."

డిసెంబరు 19

ఒక్క వాక్యం పంపాను. "తంతి తీగల కేసులో షామీర్‌పేట నీరటి సిద్దిరాములు విడుదలయ్యాడు."

డిసెంబరు 23

సంపాదకుడి ఉత్తరం. నాలుగు నెలలు ఆ ఈల మీద కూర్చున్నవాడివి ఒక్క వాక్యమా? ఎలా తేలింది? ఎందుకు వదిలారు? వివరాలు పంపు, లేదా అటు ఇంకో విలేకరిని పంపుతాను.

పంపుతాడు. కొత్తవాడు వస్తాడు. అడగవలసినవి అడుగుతాడు. నాలాంటివాడు కాకపోవచ్చు.

డిసెంబరు 24

చిత్తు ఐదుసార్లు రాశాను.

పళ్ళు చౌకీలో పోయాయి. ఇది వాస్తవం. ఇది రాస్తే, పట్టుబడిన రోజున పళ్ళున్నాయని తేలుతుంది. పళ్ళుంటే ఈల వేయగలడు. వేశాడు కూడా. అదీ వాస్తవమే. మున్సిఫ్ గారు కాగితం మళ్ళీ తెరుస్తారు. తెరవడం ఆయన ధర్మం.

కొట్టినవాళ్ళ గురించి రాయకపోతే వాళ్ళు ఇంకో చౌకీకి పోయి ఇంకొకరిని అడుగుతారు. ఇదీ వాస్తవమే.

ఏ వాస్తవాన్ని ఎటు తిప్పినా అతను లోపలికి పోతాడు. లేదా వాళ్ళు బయట ఉంటారు.

డిసెంబరు 25

పంపాను. నకలు ఇక్కడ:

"అలుగు వద్ద ఈల వేసినది కస్తూరా అను కొండ పక్షి అని పిట్టల వర్తకుడు షుకూర్ సాక్ష్యమిచ్చాడు. ముద్దాయి పళ్ళూడిన వృద్ధుడు. ఈల వేయజాలడని న్యాయాధికారి స్వయంగా పరీక్షించి నిర్ధారించారు."

సిద్దిరాములుకు నలభై నిండలేదు.

జనవరి 4, 1943

ఎవరో చదివి వినిపించినట్టున్నారు. సుక్కమ్మ పత్రిక ముక్క చేతిలో పట్టుకుని వచ్చింది. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఆయన ముసలోడా పంతులూ? ఊళ్ళె పోరగాండ్లు తాతా తాతా అని ఎంబడి వడ్డరు. నన్ను అవ్వ అంటున్రు. నేను ఇస్తారి పెండ్లాం కన్న చిన్నదాన్ని."

తప్పు పడిందన్నాను.

"మరి తప్పు వడితె ఏం జేస్తరు?"

సవరణ వేస్తారని చెప్పాను. పడిన తప్పు ఇది, ఉన్న సంగతి ఇది అని మళ్ళీ అచ్చు వేస్తారు.

"ఉన్న సంగతి గుడ ఎయ్యాలె? పళ్ళెట్ల పోయినయో గుడ?"

"వేయాలి."

పత్రిక ముక్కను నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది. "వద్దు తియ్యి," అంది. "ముసలోడే. గట్లనే ఉండనియ్యి."